ఇల్లు కదలవద్దన్న రోజులు

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



2020 మార్చికి ముందు 'లాక్‌డౌన్' అన్న మాటను మన ఇళ్లలో ఎంతమంది విని ఉంటారు? నెల తిరిగేసరికి పాలు పోసే ఆయన మొదలుకొని బడికి పోని పసివాడి దాకా అందరి నోటా అదే మాట అయింది. ఆ రోజులను ఇప్పుడు తలచుకుంటే కొందరికి నవ్వొస్తుంది, కొందరికి కళ్లు చెమరుస్తాయి. పిండివంటలతో, పాత సినిమాలతో గడిచిపోయిన ఇళ్లున్నాయి. పొయ్యి రాజని ఇళ్లూ ఉన్నాయి. ఆజ్ఞ మాత్రం అందరికీ ఒకటే: ఇల్లు కదలవద్దు! ఆజ్ఞ ఒకటే గాని ఇళ్లు ఒకటి కావు కదా. ఆ ఆజ్ఞ బరువును ఏ ఇల్లు మోసింది, ఏ ఇల్లు మోయలేకపోయింది, ఎందుకని? ఈ సంగతి ఈ పూట కొంచెం వివరంగా చెప్పుకుందాం.

ఉదాహరణకు దామరచర్లను తీసుకుందాం. నల్లగొండ జిల్లాలో మిర్యాలగూడ దాటి, అద్దంకి రోడ్డు మీద కృష్ణ వైపు పోతుంటే వచ్చే ఊరిది. ఆ మండలంలోనే వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. వంతెన దాటితే పొందుగుల, అంటే ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు. ఇటు సాగర్ ఎడమ కాలువ కింద వరి పొలాలు, మిర్యాలగూడ బియ్యం మిల్లులు. అటు మిరప తోటలు. మండలంలో లంబాడా తండాలున్నాయి. వీర్లపాలెం దగ్గర యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం కట్టడానికి బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలు అప్పట్లో ఉన్నారు. పట్నంలో ఉండే మనకు ఆ ఊరు కొత్త కావచ్చుగాని, మన కంచంలోని అన్నానికీ, కారానికీ ఆ దారితో చుట్టరికం ఉంది.

తాళం ఎందుకు వేశారు?

మన ముత్తవ్వల కాలంలో ప్లేగు వస్తే జనం ఇళ్లలో ఉండేవారు కారు. ఊరు ఖాళీ చేసి పొలాల్లో పాకలు వేసుకొని, ఎలుకలు పడడం ఆగిన తర్వాత ఇళ్లకు చేరేవారు. ప్లేగు ఎలుకల మీది గోమార్లతో ఇంట్లోకే వచ్చే జబ్బు కాబట్టి ఇల్లు విడిచినవాడు బతికేవాడు. కరోనా అలా కాదు. అది మనిషి ఊపిరితో, మాటతో, దగ్గుతో మరో మనిషికి అంటుకుంటుంది. అందుకని ఈసారి ఇల్లు పట్టుకొని ఉన్నవాడికే రక్ష అయింది. అయితే రెండింటికీ వాడిన చట్టం మాత్రం ఒక్కటే. బొంబాయిలో ప్లేగు చెలరేగినప్పుడు 1897లో తెల్లదొరలు చేసిన అంటువ్యాధుల చట్టాన్నే 2020లోనూ దుమ్ము దులిపి పైకి తీశారు.

జబ్బు ఎలా పెరుగుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర లేదు. రోజూ పాలు తోడువేసే వాళ్లం. కుండెడు పాలకు చెంచాడు మజ్జిగ చాలు. తెల్లారేసరికి కుండంతా పెరుగే. ఒకరి నుంచి ఇద్దరికి, ఇద్దరి నుంచి నలుగురికి అంటుకుంటూ పోతే పదో మెట్టుకు వెయ్యి మంది దాటుతారు. పైగా ఈ జబ్బు జ్వరం రాకముందే, మనిషి బాగానే కనిపిస్తున్నప్పుడే, ఇతరులకు అంటుతుంది. అంటిన తర్వాత బయటపడడానికి 2 నుంచి 14 రోజులు పట్టవచ్చు. క్వారంటైన్ 14 రోజులని పెట్టింది అందుకే.

లాక్‌డౌన్ జబ్బును చంపదు. అది చేసే పని ఒక్కటే: అందరూ ఒక్కసారిగా ఆసుపత్రి మెట్లెక్కకుండా జబ్బు నడకను నెమ్మదింపజేయడం. ఆ దొరికిన వ్యవధిలో మంచాలు, ప్రాణవాయువు, పరీక్షలు సిద్ధం చేసుకోవాలి. అంటే అది అరువు తెచ్చుకున్న కాలం. అరువుకు వడ్డీ ఉంటుంది కదా! ఆ వడ్డీ ఎవరు కట్టారన్నదే అసలు ప్రశ్న.

కాగితం మీద లెక్క

తెలంగాణలో మొదటి కేసు 2020 మార్చి 2న బయటపడింది. మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. ఆ సాయంత్రమే ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు రాష్ట్రంలో లాక్‌డౌన్ ప్రకటించారు. 24 అర్ధరాత్రి నుంచి దేశమంతటికీ 21 రోజులన్నారు. అది పెరిగి పెరిగి మే నెలాఖరు దాకా సాగింది. రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా కర్ఫ్యూ. పగలైతే సరుకులకు ఇంటికొక్కరు, అదీ 3 కిలోమీటర్ల లోపు పోవాలి.

ఇంట్లో కూర్చోమన్నాక తిండి చూడాలి కదా. తెల్ల రేషన్ కార్డున్న 87 లక్షల పైచిలుకు కుటుంబాలకు మనిషికి 12 కిలోల బియ్యం ఉచితంగా, కార్డుకు 1,500 రూపాయలు ఇస్తామన్నారు. అప్పటికి మామూలుగా వచ్చేది మనిషికి 6 కిలోలే కాబట్టి ఇది రెట్టింపు. ఏప్రిల్ నెల మధ్యలో లక్షల కుటుంబాల ఖాతాల్లో డబ్బు పడింది. కేంద్రం జన్‌ధన్ ఖాతాలున్న ఆడవాళ్లకు నెలకు 500 చొప్పున మూడు నెలలు వేసింది. ఇవి చిన్న పనులు కావు. అంత తక్కువ వ్యవధిలో అన్ని ఇళ్లకు బియ్యం చేర్చడం గొప్ప విషయమే. ఆ బియ్యమే లేకపోతే ఎన్ని ఇళ్లు పస్తులుండేవో!

అయితే ఈ లెక్కను వంటింట్లోకి తెచ్చి చూద్దాం. ఐదుగురున్న ఇంటికి 60 కిలోల బియ్యం. బియ్యానికి లోటు లేదు. 1,500 రూపాయలను 30 రోజులకు పంచితే రోజుకు 50 రూపాయలు, మనిషికి 10. పప్పు, నూనె, ఉప్పు, చింతపండు, పాలు, సబ్బు, అత్తగారి బీపీ మాత్రలు, ఫోన్ రీచార్జి, అన్నీ ఆ పదిలోనే సర్దాలి. సర్కారు లెక్క బియ్యంతో ముగుస్తుంది. ఇల్లాలి లెక్క అక్కణ్ణుంచి మొదలవుతుంది. పొద్దున అన్నం, రాత్రికి అదే గంజి. కూర లేకపోతే పచ్చి పులుసు. అదీ లేకపోతే కారం ముద్ద. ఎవరు కడుపు నిండా తిన్నారు, ఎవరు చివరికి గిన్నె తుడుచుకున్నారు అన్నది ఏ రికార్డులోనూ ఉండదు. అది మనకు తెలియని సంగతా!

ఇంటి పని ఎవరిది?

లాక్‌డౌన్‌కు ముందు, 2019లో కేంద్ర గణాంక శాఖ దేశమంతటా ఒక సర్వే చేసింది. జీతం లేని ఇంటిపనికి, ఆ పని చేసేవాళ్లను మాత్రమే లెక్కిస్తే, ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. అది బడులు తెరిచి, ఆఫీసులు నడిచి, పనిమనిషి వస్తున్నప్పటి మాట. ఇక అందరూ ఇంట్లోనే ఉండి, మూడు పూటలు వండి, నాలుగుసార్లు టీ కాచి, చేతులు కడిగిన ప్రతిసారీ నీళ్లు పట్టాలంటే ఎంతవుతుందో మీరే లెక్క వేసుకోండి. 'ఇంట్లో క్షేమంగా ఉండండి' అని టీవీలో చెప్పినంతసేపు పట్టలేదు ఆ పని ఆడవాళ్ల నెత్తిన పడడానికి.

బడి కూడా ఇంటికే వచ్చింది. పదో తరగతి పరీక్షలు మార్చి 19న మొదలై మూడు పేపర్లతోనే ఆగిపోయాయి. జూన్ 8న పరీక్షలు రద్దుచేసి 5 లక్షల 30 వేలకు పైగా పిల్లలను ఇంటర్నల్ మార్కులతోనే పాస్ చేశారు. సెప్టెంబరు 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానెళ్లలో పాఠాలు చెప్పారు. ఆలోచన మంచిదే. కాని ఇంట్లో టీవీ ఉండాలి, కరెంటు ఉండాలి, ఆ గంటలో పిల్లను 'నీళ్లు పట్టవే' అని లేపకుండా ఉండాలి. ఒక్క ఫోనున్న ఇంట్లో అది ముందు కొడుకు చేతికే పోతుందన్నది మనకు తెలిసిన విషయమే.

మరీ నోరు విప్పి చెప్పుకోలేని బాధ ఒకటుంది. కొట్టే మనిషితో నాలుగు గోడల మధ్య నెలల తరబడి ఉండవలసి రావడం. జాతీయ మహిళా కమిషన్‌కు 2020లో 23 వేలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి. అందులో 5 వేలకు పైగా గృహహింసవి. ఫోన్ చేయడానికి చాటు దొరకని వాళ్లుంటారని కమిషన్ ఆ ఏప్రిల్‌లోనే వాట్సాప్ నంబరు కూడా పెట్టింది. మే 6న మన రాష్ట్రంలో మందు దుకాణాలు ధర పెంచి తెరిచారు. పొద్దున్నే బారులు తీరిన వాళ్లను మనం టీవీలో చూశాం. ఆ నెల 1,500 ఎన్ని ఇళ్లలో పప్పుకూ నూనెకూ పోయాయో, ఎన్ని ఇళ్లలో ఆ బారులోకి పోయాయో!

ఇంకొక మాట కొంచెం మనల్నే అడుక్కోవాలి. మార్చి 29న కేంద్ర హోంశాఖ లాక్‌డౌన్ కాలానికి జీతాలు కోత లేకుండా ఇవ్వాలని ఉత్తర్వు ఇచ్చింది. అందులో పరిశ్రమలు, దుకాణాలు, వ్యాపార సంస్థలు అని రాశారు. మన ఇల్లు ఆ మూడింటిలో ఏదీ కాదు. కనుక అంట్లు తోమే లక్ష్మమ్మలకు, బట్టలుతికే యాదమ్మలకు ఆ ఉత్తర్వు వర్తించలేదు. వాళ్ల జీతం ఇంటి యజమానురాలి దయ మీదే నిలిచింది. రెండు నెలలూ జీతమిచ్చిన తల్లులున్నారు, 'పనికి రాలేదు గదా' అన్నవాళ్లూ ఉన్నారు.

అష్టాచెమ్మా, కోడి కూర

ఆ రోజుల్లో పుట్టిన పుకార్లకు లెక్క లేదు. కోడి తింటే కరోనా వస్తుందని ఎవరో అన్నారు. కోడి ధర ఒక్కసారిగా పడిపోయింది. 2020 ఫిబ్రవరి 28న హైదరాబాదులో మంత్రులే వేదిక మీద కోడి కూర తిని చూపించవలసి వచ్చింది.

సూర్యాపేట సంగతి వేరు. అక్కడ కూరగాయల మార్కెట్ ప్రాంతం చుట్టూ జబ్బు పాకి ఏప్రిల్ మూడో వారానికి కేసులు 80 దాటాయి. రాష్ట్ర ఉన్నతాధికారులు స్వయంగా వచ్చి చూసి వెళ్లారు. అదే సమయంలో, ఇరుగుపొరుగు ఆడవాళ్లు అష్టాచెమ్మా ఆడడంవల్ల పదుల మందికి అంటుకుందని పత్రికల్లో వచ్చింది. దేశమంతా దాన్ని చెప్పుకొని నవ్వింది. నవ్వడం సులువు. మూసిన గదిలో తలలు దగ్గర పెట్టుకొని గంటలు గడిపితే ఈ జబ్బు అంటుతుంది. అది అష్టాచెమ్మా అయినా ఒకటే, మగవాళ్ల పేకాటైనా ఒకటే. అందులో నేర్చుకోవలసింది ఆటను తిట్టడం కాదు, గాలి ఆడే చోటు విలువ. అప్పట్లో చాలా ఇళ్లలో కూరగాయలను సబ్బు నీళ్లలో నానబెట్టారు, పాల ప్యాకెట్లకు శానిటైజర్ పూశారు. వస్తువుల వల్ల అంటే ప్రమాదం తక్కువనీ, గాలి వల్లే ఎక్కువనీ తర్వాత శాస్త్రజ్ఞులు తేల్చారు. కూరగాయలకు మంచినీళ్లు చాలు. గదికి మాత్రం కిటికీ తెరవాలి.

నది దగ్గర ఆగిన బతుకులు

ఇక మళ్లీ దామరచర్లకు వద్దాం. ఇంటికి వచ్చే బియ్యం ఇంట్లో ఉన్నవాళ్లకు సరే. పని నదికి అటూ, ఇల్లు ఇటూ ఉన్నవాళ్ల మాట ఏమిటి?

మార్చి అంటే పల్నాడులో మిరప కోతలు సాగే కాలం. ఇటువైపు నుంచి కృష్ణ దాటి కూలికి పోయేవాళ్లు పిల్లాపాపలతో తోటల దగ్గరే ఉంటారు. ఉన్నట్టుండి వంతెన మూసేస్తే, కార్డు ఒక రాష్ట్రంలో, కడుపు ఇంకో రాష్ట్రంలో అయింది. అదే వారం ఎదురు దిక్కు నుంచి మరో గుంపు వచ్చింది. హైదరాబాదులో హాస్టళ్లు ఖాళీ చేయమనడంతో ఉద్యోగినులు, చదువుకునే పిల్లలు మార్చి 25న పోలీసులిచ్చిన పాసులు పట్టుకొని సొంతూళ్లకు బయలుదేరారు. ఇటువైపు పోలీసులు ఇచ్చిన కాగితం అటువైపు పోలీసులకు చెల్లలేదు. కోదాడ దాటాక గరికపాడు దగ్గర, వాడపల్లి దాటాక పొందుగుల దగ్గర గంటల తరబడి రోడ్డు మీదే ఆగిపోయారు. 14 రోజులు క్వారంటైన్‌లో ఉంటామన్న వాళ్లను కొందరిని పోనిచ్చారు, మిగతావాళ్లు వెనుదిరిగారు. సరిహద్దు రోడ్డు మీద రాత్రిపూట ఆడపిల్ల ఎక్కడికి పోవాలో ఏ ఉత్తర్వులోనూ రాయలేదు.

వలస కూలీలకు మనిషికి 12 కిలోల బియ్యమో గోధుమపిండో, దాంతోపాటు 500 రూపాయలూ ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. 'వాళ్లు మన అభివృద్ధిలో భాగస్వాములు' అన్న భావంతో చేసిన మంచి పని అది. కాని బియ్యం ఉడకాలంటే పొయ్యి, గిన్నె, నీళ్లు కావాలి. ఊరికి పోదామంటే బండి లేదు. అలా నడక మొదలైంది. ములుగు జిల్లా మిరప తోటల నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని తన ఊరికి నడిచిపోతూ 12 ఏళ్ల పిల్ల ఒకతె ఏప్రిల్‌లో ఇల్లు చేరకుండానే చనిపోయింది. మే 1న లింగంపల్లి నుంచి హటియాకు సుమారు 1,200 మందితో దేశంలోనే మొదటి శ్రామిక రైలు కదిలింది. ఆ రైలు నెల ముందు కదిలి ఉంటే!

ఈలోగా యాసంగి వడ్లు కోతకు వచ్చాయి. ఊళ్లోనే వడ్లు కొంటామని ప్రభుత్వం మాట ఇచ్చి నిలబెట్టుకుంది. ఏ గ్రేడు ధాన్యానికి క్వింటాలుకు 1,835 రూపాయల మద్దతు ధర. ఆ కొనుగోలు కేంద్రాలు చాలా చోట్ల నడిపింది ఎవరనుకున్నారు? ఐకేపీ మహిళా సంఘాల ఆడవాళ్లే. ముఖానికి మాస్కు కట్టుకొని, మండుటెండలో తేమ చూసి, కాంటా పెట్టించి, రాసుకున్నది వాళ్లే. ఆ మాస్కులనూ చాలా చోట్ల సంఘాల వాళ్లే మిషన్ల మీద కుట్టారు. అయితే మిల్లుల దగ్గర చిక్కొచ్చి పడింది. మిల్లుల్లో బస్తాలెత్తే హమాలీల్లో ఎక్కువమంది బీహారువాళ్లు. హోలీకి ఊరికి పోయినవాళ్లు పోయినట్టే అక్కడ ఆగిపోయారు. బస్తా దించే మనిషి లేకపోతే లారీ ఖాళీ కాదు. లారీ ఖాళీ కాకపోతే ఊళ్లో రాశి కదలదు. రాశి కదలకపోతే రైతు ఇంట్లో డబ్బు పడదు. చివరికి మే నెల మొదట్లో బీహారులోని ఖగడియా నుంచి రెండు వందల పైచిలుకు మందిని ప్రత్యేక రైల్లో తెప్పించి మిర్యాలగూడ వంటి చోట్లకు పంపారు. ఎవరి చేయి ఆగితే మన కంచంలో అన్నం ఆగుతుందో ఆ నెలలో తేలిపోయింది.

2021లో రెండో దెబ్బ తగిలింది. ఈసారి మే 12 నుంచి జూన్ 19 దాకా లాక్‌డౌన్; మొదట్లో ఉదయం 6 నుంచి 10 దాకా మాత్రమే సడలింపు. ఆంధ్ర నుంచి హైదరాబాదు ఆసుపత్రులకు వచ్చే అంబులెన్సులను కోదాడ దగ్గరి రామాపురం అడ్డరోడ్డు మొదలైన సరిహద్దుల్లో ఆపారు. ముందుగా అనుమతి ఉంటేనే రానిస్తామన్న ఉత్తర్వును మే 14న తెలంగాణ హైకోర్టు నిలిపివేసింది. ఊపిరాడని మనిషికి రాష్ట్రం ఏమిటి చెప్పండి!

మనం నేర్చుకోవలసింది

ఇన్ని సంగతులు చెప్పింది ఎవరినో ఎత్తిపొడవడానికి కాదు. మళ్లీ అలాంటి రోజు రాకూడదనే కోరుకుందాం. వస్తే మాత్రం ఇంటి బరువు మళ్లీ మన మీదే పడుతుంది. కనుక నాలుగు మాటలు గుర్తుంచుకుందాం.

మొదటిది, రేషన్ కార్డు. ఆహార భద్రత చట్టం కింద కార్డున్న వాళ్లు తమ వాటా ఇప్పుడు దేశంలో ఏ రేషన్ షాపులోనైనా తీసుకోవచ్చు. ఈ పద్ధతి రాష్ట్రం దాటి అమలుకావడం 2019 ఆగస్టులో మొదలైంది మన రెండు తెలుగు రాష్ట్రాల మధ్యనే, అటు గుజరాత్, మహారాష్ట్రల మధ్య. 2022 జూన్ నాటికి దేశమంతటికీ వచ్చింది. అయితే కేంద్రం వాటా మాత్రమే అలా దొరుకుతుంది, రాష్ట్రం కలిపే అదనం రాదు. మీ ఇంట్లో పనిచేసే మనిషికి, అపార్టుమెంటు వాచ్‌మన్ భార్యకు ఈ సంగతి చెప్పండి. ఆధార్ కలిపి ఉందో లేదో చూసిపెట్టండి. ఐదు నిమిషాల పని.

రెండోది, సరుకులు. రెండు వారాలకు సరిపడా పప్పు ఉప్పులు, నెలకు సరిపడా పెద్దవాళ్ల మందులు ఇంట్లో ఉంటే చాలు. భయపడి ఆరు నెలలకు కొన్నామంటే కొట్లో ధర పెరుగుతుంది. ఆ పెరిగిన ధర కట్టేది ఏ రోజుకారోజు కొనుక్కునే పేదింటి ఇల్లాలు.

మూడోది, పని పంపకం. అందరూ ఇంట్లో ఉన్నప్పుడు పనీ అందరిదీ కావాలి. నీళ్లు పట్టడం అబ్బాయికి, గిన్నెలు ఆయనకు అప్పజెబితే కొంపలేమీ మునగవు. పనిమనిషిని రావద్దన్నది మనమైతే జీతం ఆపే హక్కు మనకు లేదు.

నాలుగోది, 181 నంబరు. మహిళలకు ఆపదలో సాయం చేసే నంబరు అది. మీకు అక్కర లేకపోవచ్చు. పక్కింటి గోడ వెనకనుంచి ఏడుపు వినిపిస్తే మాత్రం 'మనకెందుకులే' అనుకోవద్దు.

ఇక పాలకులను అడగవలసింది ఒకటుంది. ఇల్లు కదలవద్దని చెప్పే ముందు, ఇంటికి దూరంగా ఉన్నవాళ్లు ఎంతమందో, ఏ వంతెనకు ఏ వైపున ఉన్నారో లెక్క తీయాలి. వాళ్లు ఇల్లు చేరడానికి నాలుగు రోజుల గడువు, ఎక్కడానికి బండి ఇవ్వాలి. వంతెనకు రెండు వైపులా ఒకే కాగితం చెల్లేటట్టు రెండు ప్రభుత్వాలూ ముందే కూర్చొని మాట్లాడుకోవాలి. ఓటు అడగడానికి గుమ్మంలోకి వచ్చినవాళ్లతో ఈ మాట అనడానికి మనం మొహమాటపడనక్కర లేదు.